తాగకుండా కింద పెట్టిన కప్పు

అమెరికా పెద్దాయన పోయారన్న కబురు నాకు ముందుగా ఫోన్లో చెప్పింది సత్యవతక్క. ఒకప్పుడు బహ్రెయిన్‌లో, జిదాఫ్స్ అనే ఊళ్ళో, మేమిద్దరం ఒకే ఇంట్లో పనిచేశాం. ఆయన వాళ్ళ దేశంలో ఎన్నికల్లో గెలిచి, మంత్రిగా చేసి, తరువాత రాయబారిగా అక్కడికి వచ్చారు. మమ్మల్ని పనికి పిలిపించుకున్న యజమానికి, అంటే మా కఫీల్‌కు, స్నేహితుడు.

ఒక ఈద్ పండగనాడు ఆ పెద్దాయన ఇంటికొస్తే, కఫీల్ ఆయనతోపాటు మాకూ యాలకుల కాఫీ పోయించారు. చెల్లి కాన్పుకు సెలవడగాలని వెళ్ళిన నేను, ఆ భయంలో గటగటా తాగేశాను.

"పిచ్చిమొహమా! అడిగేదుంటే, ఇంటాయన సరేననేదాకా ఇక్కడ కాఫీ తాగరే. తాగేస్తే ఏమీ అక్కర్లేదనుకుంటారు," అని గొణిగింది అక్క.

నా కన్నీళ్ళు పెద్దాయన చూశారు. సంగతేమిటని అక్కనడిగి, తన కప్పు తాగకుండా కింద పెట్టేశారు.

కఫీల్ కంగారుపడ్డారు. "మీకేం కావాలి?"

"నాక్కాదు. ఈ అమ్మాయికి సెలవు."

"ఖలాస్, ఇచ్చేశాను! తాగండి, చల్లారిపోతోంది."

దేవుడి దయవల్ల చెల్లి బిడ్డను మొదట ఎత్తుకున్నది నేనే. ఇప్పటికీ యాలకుల వాసన తగిలితే ఆ గదే గుర్తొస్తుంది. ఆయన పదవుల గురించి పేపర్లవాళ్ళు రాస్తారు. మీరు మాత్రం సాయంత్రం దీపం పెట్టేటప్పుడు, నాకోసం కాఫీ తాగకుండా కూర్చున్న ఆ పెద్దాయనను ఒక్కసారి తలుచుకోండి.