షాజ్లీ మేస్త్రీ పెట్టిన కేక

షాజ్లీ మేస్త్రీ గొంతెత్తితే చేదు సరస్సులో పడవవాళ్ళు కూడా వలలు వదిలేసి ఇటు చూస్తారని, ఆయన సొంత ఊరు కెనా నుంచి వచ్చిన కూలీలు చెప్పుకునేవాళ్ళు. ఇందులో సగం కోతలే. మిగతా సగం మాత్రం నిజం. బక్కపలచటి మనిషి, ఎడమ కన్ను కాస్త మెల్ల, మీసం తప్ప మొహంలో చెప్పుకోదగ్గదేమీ లేదు. ఒంటికి ఇవ్వాల్సిన సత్తువంతా దేవుడు గొంతులోనే కుక్కేశాడు. ఆ సంగతి ఆయనకు కూడా బాగా తెలుసు. వచ్చిన చిక్కల్లా అక్కడే.

పదహారేళ్ళ వయసులో, మొదటి యుద్ధం జరుగుతుండగా, ఊరిపెద్ద ఆయన పేరు ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చాడు. మరో ముప్ఫైమందితో కలిపి నడుముకు తాడు కట్టి రైలెక్కించారు. రెండేళ్ళు పాలస్తీనా ఇసుకలో రైలు పట్టాలు మోశాడు. కాగితాల మీద ఆయన కూలీయే తప్ప ఖైదీ కాడు. పారిపోబోతే కొరడా మాత్రం ఖైదీల కొరడాయే. అక్కడే ఒక ముసలి మేస్త్రీ దగ్గర లాగుడు పాట నేర్చుకున్నాడు. తిరిగొచ్చేసరికి తల్లి పోయింది. ఏ నెలలో పోయిందని అడిగితే మేనత్త ఒకటి చెప్పింది, పక్కింటావిడ ఇంకొకటి చెప్పింది. ఆ తేడా చాలాకాలం ఆయన్ను నిద్రపోనివ్వలేదు.

ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే ఇంగ్లీషువాళ్ళ దగ్గర చేరాడు, ఈసారి జీతానికి. రెండో యుద్ధం ముగిసి రెండేళ్ళయినా జర్మన్ ఖైదీలు వేలమంది ఆ సరస్సు ఒడ్డున గుడారాల్లోనే ఉన్నారు. వాళ్ళతో బారకాసులు, గిడ్డంగులు, రోడ్లు కట్టించేవాళ్ళు. తెల్లవారగానే గేటు దగ్గర లెక్కపెట్టి, వడ్రంగులు ఇటు, తాపీవాళ్ళు అటు, ఏ పనీ రానివాళ్ళు మోతకు అని విడదీసి, ఇరవైమందికో మేస్త్రీ చొప్పున అప్పగించేవాళ్ళు. సాయంత్రం మేస్త్రీ మళ్ళీ ఇరవైమందినీ లెక్కచూసి అప్పజెప్పాలి. పని బాగా చేసినవాళ్ళకు సిగరెట్లు అదనం. ఇంటికి పోయే ఓడ వచ్చినప్పుడల్లా గేటు పక్క పలక మీద పేర్లు రాసేవాళ్ళు. మచ్చలేనివాళ్ళ పేర్లు ముందు, ఏదైనా తప్పు రాయించుకున్నవాళ్ళవి అట్టడుగున.

ఇదంతా నడిపే మేజర్ టెల్‌ఫర్డ్ చెడ్డవాడేమీ కాదు. ఎవర్నీ కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఆయనకు కావాల్సిందల్లా గోడ ఇంత లేచిందని ప్రతి శనివారం పైవాళ్ళకు రాసుకోవడమే.

షాజ్లీకి అప్పగించిన ఇరవైమందికి పెద్ద ఎవాల్ట్ అనే వడ్రంగి. నలభై ఏళ్ళవాడు, మాట తక్కువ, వంకరటింకర అరబ్బీ నేర్చుకున్నాడు. వాళ్ళలో ఎమిల్ అని ఇరవై రెండేళ్ళవాడు ఉన్నాడు. ఎవాల్ట్‌దీ వాడిదీ ఒకే ఊరు, ఒకే వీధి. బరువు లాగేటప్పుడు ఎవాల్ట్ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే మూడో అంకెకు అందరూ లాగేవాళ్ళు. షాజ్లీకి అది చూస్తే నవ్వొచ్చేది.

"ఏమయ్యా, మీ ఊళ్ళో జోలపాట కూడా అంకెలతోనే పాడతారా?" అనేవాడు.

"పిల్ల తొందరగా నిద్రపోతుంది మేస్త్రీ," అనేవాడు ఎవాల్ట్.

ఆ ఏడు వసంతంలో నీళ్ళ ట్యాంకు కట్టాల్సివచ్చింది. నాలుగు ఇటుక స్తంభాల మీదికి ఇనుప దూలాలు ఎక్కించాలి. ఇరవైమంది బలం చాలదు. ఖైదీలనూ కూలీలనూ కలపకూడదన్నది క్యాంపు నియమమే అయినా, శనివారం దగ్గర పడుతోందని మేజర్ కలిపేయమన్నాడు. కప్పీ మీదుగా వచ్చే రెండు మోకుల్లో ఒకటి ఖైదీలు పట్టుకున్నారు, రెండోది షాజ్లీ సొంత ఊరి కూలీలు పట్టుకున్నారు. ఎమిల్ కింద నిలబడి, దూలం అటూ ఇటూ ఊగకుండా పక్కతాడు పట్టుకున్నాడు.

"మేస్త్రీ, నేను లెక్కపెడతాను. మూడు దాకా ఎవరైనా నేర్చుకుంటారు," అన్నాడు ఎవాల్ట్.

కూలీలు గొల్లుమన్నారు. వాళ్ళలో నోరున్నవాడు దర్దీర్. "అంకెలు చెబితే కదలడానికి మేమేమన్నా సంతలో గొర్రెలమా? మా మామ గొంతుండగా మాకు లెక్కలేంటి!" అన్నాడు.

షాజ్లీ ఎవాల్ట్ మాట వినాల్సింది. వినలేదు. అంతమంది ముందు తన గొంతును పక్కన పెట్టడం ఆయన వల్ల కాలేదు. పైగా పొద్దున్నే ఖైదీలతో రెండు దుంగల్ని నేలమీద పాటతో లాగించి చూశాడు, బాగానే వచ్చింది. మేస్త్రీ "హేలా" అంటాడు, అందరూ "హోబ్" అంటూ లాగుతారు. ఇందులో తెలియకపోవడానికేముందని అనుకున్నాడు.

తెలియనిది ఒకటుంది. బరువు పైకి చేరి, ఇక జానెడే మిగిలిందనగా మేస్త్రీ "హేలా" అనడు. "యా రబ్" అని దేవుణ్ణి పిలుస్తూ, గొంతు పెంచి పొడుగ్గా సాగదీస్తాడు. అది లాగమని కాదు. ఉన్నచోట ఊపిరి బిగబట్టి ఆపమని. పైనున్నవాళ్ళు దూలాన్ని సరిచేసుకునేదాకా ఆ కేక సాగుతూనే ఉంటుంది. కెనా కూలీలకు ఇది ఎవరూ చెప్పరు. చిన్నప్పుడు తండ్రుల వెంట పడవల దగ్గరికి వెళ్ళి వింటారు, అంతే. నేలమీద లాగిన దుంగలకు ఆపడంతో పనే లేదు. అందుకే ఆ కేక పొద్దున ఆయన నోట రాలేదు, ఖైదీల చెవిన పడలేదు. చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. నీళ్ళు తడిగా ఉంటాయని ఎవరికైనా చెబుతామా?

దూలం స్తంభం అంచుకు చేరింది. షాజ్లీ కళ్ళు మూసుకుని కేక పెట్టాడు. కూలీల మోకు బిగుసుకుని ఆగింది. రెండో మోకు పట్టుకున్న ఖైదీలు, గొంతు అంత పెరిగిందంటే బలమంతా పెట్టమనే కాబోలనుకుని అందరూ ఒక్కసారి లాగారు. దూలం ఒకవైపు లేచి, కట్టులోంచి జారింది. షాజ్లీ కళ్ళు తెరిచేసరికి ఎమిల్ నిలబడ్డచోట దూలం ఉంది, ఎమిల్ కనపడలేదు.

మర్నాడు ఆఫీసులో విచారణ పెట్టారు. గుమాస్తా నజీబ్ ఎఫెందీ ఒకరి మాట ఒకరికి చెబుతూ రాసుకుంటున్నాడు. మేజర్ మొదట ఎవాల్ట్‌ను అడిగాడు.

"మేం లాగాం. వాళ్ళు ఆగారు, మేం లాగాం. తప్పు మా మోకుదే. మావాళ్ళకు నేను పెద్దని," అన్నాడు ఎవాల్ట్. వాడు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అలా నమ్మాడు.

షాజ్లీ వంతు వచ్చింది. బయట అరుగు మీద దర్దీరూ మిగతా కూలీలూ కూర్చుని ఉన్నారు. లోపలికి వచ్చేముందు దర్దీర్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మామా, నిన్ను తీసేస్తే నీ వెనక మేమంతా రోడ్డు మీదే. మేస్త్రీ పోతే ముఠా పోతుంది, నీకు తెలియనిదా? పోయినవాడు ఎటూ పోయాడు. అడిగినదానికే జవాబు చెప్పు," అన్నాడు. ఇరవై ఇళ్ళు. అందులో మూడిళ్ళలో ఆయన చెల్లెళ్ళే ఉన్నారు.

"నువ్వు కేక పెట్టావా?" అని అడిగించాడు మేజర్.

"పెట్టానండి."

"నీవాళ్ళు సరిగ్గానే చేశారా?"

"చేశారండి."

ఇంకేమీ అడగలేదు. షాజ్లీ కూడా ఇంకేమీ చెప్పలేదు. రెండు జవాబులూ నిజాలే, ఆ రెండిటితోనే ఒక మనిషిని ముంచేశాడు. తొమ్మిది రోజుల్లో ఓడెక్కాల్సిన ఎవాల్ట్ పేరును ఆ సాయంత్రమే పలక మీద తుడిచేశారు. ఎప్పుడు మళ్ళీ రాస్తారో ఎవరికీ తెలియదు.

ఇంటికొచ్చిన షాజ్లీకి భార్య రూహియ్యా పప్పు పెట్టింది. ముట్టుకోలేదు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. నాలుగో రోజు ఆవిడ ఊరుకోలేకపోయింది.

"మన ఊరి కూలీ పోతే మూడు రోజులు చాప పరిచి కూర్చోబెట్టేవాడివి, చక్కెర లేని కాఫీ కాయించి గిన్నెలు గిన్నెలు పోయించేవాడివి. ఆ పిల్లాడి కోసం ఎవరు కూర్చున్నారయ్యా?"

"వాడికి ఇక్కడెవరున్నారే?"

"వాళ్ళ వీధివాడు ఉన్నాడని నువ్వే అన్నావుగా. ఆయన్ని పలకరించావా?"

పలకరించలేదు. పలకరించాలంటే ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? ఎవాల్ట్ చెయ్యి పట్టుకుని, పోయినవాడికి మిగిలిన ఆయుష్షు నీకు చేరాలి అని పరామర్శ మాట చెప్పాలి. తన చేతుల మీదుగా పోయినవాడి కోసం, తాను ముంచినవాడికి ఆ మాట ఎలా చెబుతాడు? పరామర్శకు వెళ్ళేవాడు దాచుకున్నదేదీ వెంటబెట్టుకుని వెళ్ళకూడదని ఆయనకు చిన్నప్పటినుంచీ గట్టి నమ్మకం. అందుకని ముందు ఆఫీసుకు వెళ్ళాడు.

అంతా చెప్పాడు. ఆపమనే కేక గురించి, అది ఖైదీలకు నేర్పకపోవడం గురించి చెప్పాడు. నజీబ్ ఎఫెందీ సగంలో రాయడం ఆపేసి మేజర్ వైపు చూశాడు. మేజర్ పెన్సిలు తిప్పుతూ ఏదో చెప్పాడు.

"కాగితం పైకి పోయింది, జాబితా ఓడ దాకా పోయింది, ఇప్పుడు వెనక్కి రాదంటున్నారు," అన్నాడు నజీబ్ ఎఫెందీ. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇది ఆయన మాట కాదు, నా మాట. ఖైదీలనూ కూలీలనూ కలిపింది ఎవరు షాజ్లీ? ఆ కాగితం మళ్ళీ తెరిస్తే ఆయన పేరే ముందొస్తుంది. ఇంటికి పో. ఇంకో దూలం మిగిలుంది."

షాజ్లీ ఇంటికి పోలేదు. పొద్దున రూహియ్యా ఇచ్చిన చక్కెర లేని కాఫీ కూజాను గుడ్డలో చుట్టుకుని, మధ్యాహ్నం విరామంలో వడ్రంగుల పాకకు వెళ్ళాడు. ఎవాల్ట్ ఒక్కడే చెక్కకు చిత్రిక పడుతున్నాడు. ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"మేస్త్రీ, మా వల్ల నీకు మాట వచ్చింది. క్షమించు," అన్నాడు.

 షాజ్లీ కూజా కింద పెట్టి, రంపపు పొట్టు మీదే కూర్చున్నాడు. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాడు. చెప్పేటప్పుడు ఆ పెద్ద గొంతు పక్కవాడికి వినపడేంత కూడా రాలేదు.



"ఆ కేకకు ఆగాలి. మీవాళ్ళందరికీ తెలుసు," అన్నాడు ఎవాల్ట్.

"తెలుసు."

"మాకు చెప్పలేదు."

"చెప్పలేదయ్యా. మిగతా ప్రపంచానికి తెలియదని నాకు తట్టలేదు. తప్పు నాది. ఆఫీసులో కూడా చెప్పొచ్చాను, వాళ్ళు వినలేదు. ఇంటికి రాసుకో. ఎమిల్ తల్లికి రాయి, నా పేరు పెట్టి రాయి. ఆవిడ తిట్టేవి నాకు తగలనీ."

షాజ్లీ గిన్నెలో పోసిచ్చిన కాఫీని ఎవాల్ట్ అందుకుని ఒక్క గుక్క తాగాడు. మొహం చిట్లించలేదు.

"ఆవిడకు నిన్ననే రాశాను. ఉత్తరం వెళ్ళిపోయింది," అన్నాడు.

"ఏమని రాశావు?"

"నీ కొడుకును చూసుకుంటానని మాటిచ్చాను, నా తప్పు వల్లే పోయాడు, అని."

"అయితే ఇంకోటి రాయవయ్యా! ఇవాళే రాయి. నేను తీసుకెళ్ళి వేస్తాను."

ఎవాల్ట్ తల అడ్డంగా ఊపాడు. కోపం లేదు వాడి మొహంలో. ఉంటే షాజ్లీకి కాస్త ఊపిరి ఆడేది.

"మొదటి ఉత్తరం ఏడుస్తూ చదువుతుంది మేస్త్రీ. రెండోది చదివి, బతికినవాడు తప్పును ఎవరో అరబ్బు మీదికి తోస్తున్నాడు అనుకుంటుంది. నాకు మా అమ్మ లేదు. నన్ను పెంచింది ఆవిడే. వాళ్ళ తలుపు మా తలుపుకు ఎదురుగా ఉంటుంది," అన్నాడు. గిన్నెలో మిగిలిన కాఫీని నెమ్మదిగా తాగేసి, చిత్రిక చేతిలోకి తీసుకున్నాడు. "ఇప్పుడు ఓడ ఎంత ఆలస్యంగా వచ్చినా నాకు ఫరవాలేదు."