బ్యాడ్జీ వెనకాల ఎరుపు

ఇస్సాక్ భాయ్ గురించి చెప్పమంటే ముందు నన్ను ఆయన్ని నాలుగు తిట్లు తిట్టనివ్వాలి. బెజవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లు ఒకే రేకుల షెడ్డు కింద పనిచేశాం, ఆ మాత్రం హక్కు నాకుంది. నేను డెంటింగ్ జక్కయ్యని. కార్ల సొట్టలు తియ్యడం నా పని, రంగు వెయ్యడం ఆయన పని. నా సుత్తి చప్పుడుకి ఆయనకి తలనొప్పి, ఆయన థిన్నర్ వాసనకి నాకు తలనొప్పి. ఇద్దరం కలిసి టీ కొట్టువాణ్ణి తిట్టేవాళ్లం.

మిగతా పెయింటర్లు స్ప్రే గన్ను పట్టుకుని బండి మొత్తం తుస్సుమనిపించి పొద్దుగూకేసరికి ఇంటికి పోయేవాళ్లు. ఈ మహానుభావుడికి అలా కుదరదే! పాత అంబాసిడరో ఫియెట్టో వచ్చిందంటే ఒళ్లు మరిచిపోయేవాడు. అదీ బాడీ చూసి కాదు. పక్కల బారుగా నడిచే మెరుపు బీడింగులు, చక్రాల కప్పులు, ముందు జాలీ, పేరు రాసిన బ్యాడ్జీ, అవీ ఆయన ప్రాణం. వాటి గాడుల్లో కంపెనీవాడు మొదట ఏ రంగు నింపాడో కనిపెట్టి, సన్న కుంచెతో మళ్లీ అదే నింపాలి. "చీర ఎంత బాగున్నా అంచు రంగు తప్పితే ఇంకెవరి చీరో అనిపిస్తుంది జక్కయ్యా" అనేవాడు.

ఆ రంగు ఎలా కనిపెడతావయ్యా అంటే, దానికీ ఒక సిద్ధాంతం ఉంది. ఎండా వానా తగలని చోట వెతకాలట. వాషరు కింద, బ్యాడ్జీ వెనకాల. గరుకు వాటర్ పేపరు నీళ్లలో ముంచి బొటనవేలంత మేర మెల్లగా రుద్దుతూ కూర్చునేవాడు. పైన తెలుపు, దాని కింద నీలం, దాని కింద ఎవడో బుద్ధిలేనివాడు పూసిన గులాబీ, అన్నిటికీ అడుగున అసలుది. "దాక్కున్నదే నిజం చెబుతుంది" అనేవాడు గడ్డం నిమురుకుంటూ.

తొంభై ఆరులో హనుమాన్ జంక్షన్ నుంచి ఒకాయన వచ్చి బీడింగులకి బంగారు రంగు వెయ్యమన్నాడు. పైగా వేళ్లకి ఉంగరాలు! "డూప్లికేట్ నా చేత్తో వెయ్యనండీ, ఏమీ అనుకోకండి" అని బండిని వెనక్కి పంపేశాడు మా వాడు. ఆ రోజు నుంచి ఆటోనగర్ అంతా ఒరిజినల్ ఇస్సాక్ అనేవాళ్లు. ఆయనకది లోలోపల మహా ఇష్టం. పైకి మాత్రం విసుక్కునేవాడు.

రెండువేల రెండులో ఒక రోజు నా నీలం చొక్కా చూసి, "పచ్చ చొక్కా బాగుంది" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. తర్వాత టీ గ్లాసు పక్కన బల్ల మీద పోశాడు. నేనేమీ అనకముందే, "బల్ల వంకర, నా కన్ను బాగానే ఉంది" అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే కదా!

ఆ వారమే వాళ్లావిడ సాజిదా క్యారియర్ ఇచ్చే నెపంతో షెడ్డుకొచ్చింది. "అన్నా, రెండు కళ్లలోనూ శుక్లాలట. ఆపరేషన్ చేస్తే చక్కగా కనిపిస్తుందని డాక్టరు గారు చెప్పారు. ఈయన వినడు. మీరైనా చెప్పండి" అంది కొంగుతో కళ్లొత్తుకుంటూ.

చెప్పాను. అంతే, ఎగిరిపడ్డాడు. "లోపలున్న అద్దం తీసేసి ప్లాస్టిక్‌ది పెడతారట! డూప్లికేట్! నా కంట్లో!" అన్నాడు. కాసేపటికి గొంతు తగ్గించి, "దాంతో రంగులు వేరేగా కనిపిస్తే ఏం చెయ్యను జక్కయ్యా? పక్క వీధిలో కంప్యూటర్ రంగు కలుపుతోంది. ఈ కన్ను లేకపోతే ఇస్సాక్ ఎందుకు ఇంక?" అన్నాడు.

అలా ఉండగా కంకిపాడు నుంచి సీతారావమ్మ గారు పాత ఫియెట్ తెచ్చారు. తెచ్చారంటే తోయించుకుని కాదు, ఆవిడే నడుపుకుంటూ! భర్త పోయాక, యాభై దాటిన వయసులో, బందరు కాలవ గట్టు మీద డ్రైవింగు నేర్చుకున్నారట. గట్టు మీద గేదెలు ఇప్పటికీ ఆవిడ హారన్ వింటే పక్కకి తప్పుకుంటాయని ఆవిడే చెప్పి నవ్వారు. "ఏవయ్యా ఇస్సాకూ, అరవయ్యారులో కొత్తగా కొన్నప్పుడు ఎలా ఉందో అలా కావాలి. అంచు రంగులతో సహా" అన్నారు.

మా వాడి మొహం చూడాలి! మర్నాడే బ్యాడ్జీ ఊడదీశాడు. వెనకాల ఎర్రగా ఏదో అట్టకట్టి ఉంది. "చూశావా! ఎరుపు! దాక్కున్న నిజం!" అని కేకేశాడు. నేను వేలు పెట్టి చూశాను. "గరుకుగా ఉందేంటి భాయ్? బీడింగు వాషరు కిందేమో బూడిద రంగుంది కదా" అన్నాను. "అది రంగు కాదు, అడుగు పూత, ప్రైమరు. నువ్వు సొట్టలు చూసుకో" అన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు! ఆ ఎరుపుకి సరిపోయేలా రంగు కలుపుకుని, బ్యాడ్జీ వెనక చోటంతా థిన్నర్ గుడ్డతో శుభ్రంగా తుడిచేశాడు.

నేను గట్టిగా అడ్డుపడాల్సింది. పడలేదు. పడితే ఆయన కన్ను పోయిందని మొహం మీద అన్నట్టవుతుంది. అందుకని నోరు మూసుకున్నాను. ఆ తప్పులో సగం నాది.

పదో రోజున సీతారావమ్మ గారొచ్చారు. బీడింగుల్లో ఎరుపు, చక్రాల కప్పుల చుట్టూ ఎరుపు. రెండు నిమిషాలు చూసి, "ఇదేంటయ్యా, నా కారుకి పారాణి పెట్టావు?" అని పకపకా నవ్వారు.

"ఎరుపే ఒరిజినలండీ. బ్యాడ్జీ వెనకాల దొరికింది" అన్నాడు ఇస్సాక్ ఛాతీ విరుచుకుని.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "అది నేను పెట్టిన బొట్టయ్యా" అన్నారు. "కొత్త కారుకి దుర్గమ్మ కొండ కింద పూజ చేయించాం. పెళ్లయి నెల్లాళ్లు. పసుపు తడిగా ఉండి కుంకుమంతా కారిపోయి బ్యాడ్జీ వెనక్కి దిగింది. ఆయన తుడవబోతే ఉండనివ్వండి అన్నాను. ఇన్నేళ్లూ ఉందా? ఏదీ, చూడనీ."

ఏం చూపిస్తాడు? ఆ థిన్నర్ గుడ్డ డ్రమ్ము మీద ఎండిపోయి పడుంది, మధ్యలో ఎర్ర మరకతో. ఆవిడ దాన్ని చూశారు. నా స్టూలు లాక్కుని కూర్చున్నారు. "పోనీలే" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఇస్సాక్ ఆ గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. "నాకు కన్ను కనిపించట్లేదమ్మా. కనిపించే కన్నయితే కుంకుమని రంగనుకోను" అన్నాడు. ఇన్నాళ్లూ పెళ్లాంతో కూడా ఒప్పుకోని మాట, అందరి ముందూ అనేశాడు. నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేం.

మర్నాడే నేనూ సాజిదా చెరో రెక్కా పట్టుకుని కంటాసుపత్రికి తీసుకెళ్లాం. దారి పొడుగునా "డూప్లికేట్, డూప్లికేట్" అని గొణుగుతూనే ఉన్నాడు. ముందు కుడి కంటికి చేశారు. సీతారావమ్మ గారు కారు షెడ్డులోనే వదిలి, తొందరేం లేదని కబురు పంపారు.

నెల తర్వాత నల్లద్దాలు తీసి షెడ్డులోకొచ్చాడు. చుట్టూ చూశాడు. నన్ను చూశాడు. "ఏం జక్కయ్యా, మీసానికి ఏం రంగేస్తున్నావు? అది నలుపా? నేరేడు పండు!" అన్నాడు. ఓరి నీ కన్ను బంగారం గానూ! ఆటోనగర్ అంతా వారం రోజులు నన్ను నేరేడు పండనే పిలిచింది. సంతోషంగానే భరించాను.

ఎరుపంతా గీకేసి వాషరు కింద చూశాడు. బూడిదే. అందులో చిటికెడు ఆకుపచ్చ కూడా ఉందన్నాడు. నాకు కనిపించలేదు. ఎనిమిది డబ్బాలు కలిపి పారబోసి తొమ్మిదోది ఒప్పుకున్నాడు.

బండి ఇచ్చే రోజున బ్యాడ్జీ మాత్రం బిగించలేదు. సీతారావమ్మ గారొచ్చేసరికి బానెట్ పక్కన పళ్లెంలో తడిపిన పసుపు, కుంకుమ పెట్టుకుని నిలబడ్డాడు. వన్‌టౌన్ వెళ్లి తనే కొనుక్కొచ్చాడట, టోపీ పెట్టుకుని మరీ!

"ఇక్కడ మీ బొట్టు పెట్టండమ్మా. దాని మీద బ్యాడ్జీ బిగిస్తాను."

కాలవ గట్టున కారు నేర్చిన మనిషి రెండడుగులు వెనక్కేశారు. "నేను పెట్టకూడదయ్యా ఇప్పుడు. ఎవరైనా ముత్తయిదువని పిలువు" అన్నారు చిన్న గొంతుతో.

"ఇంకెవరు పెట్టినా అది డూప్లికేటేనండీ" అన్నాడు ఇస్సాక్. "నా షెడ్డులోంచి డూప్లికేట్ బయటికి పోదు."

నా చేతిలో సుత్తి ఆగిపోయింది. ఆవిడ మళ్లీ పళ్లెం దగ్గరికి వచ్చారు. తర్వాత పసుపు రాసి, కుంకుమలో వేలు ముంచి పెట్టారు. తడికి కొంచెం కిందికి కారింది. ఇస్సాక్ దాన్ని తుడవకుండానే బ్యాడ్జీ పెట్టి స్క్రూలు బిగించాడు.

వేలు తుడుచుకోవడానికి నేను గుడ్డ ఇవ్వబోయాను. అక్కర్లేదన్నారు. ఆ ఎర్రటి వేలితోనే స్టీరింగు పట్టుకుని, హారన్ కొట్టుకుంటూ కంకిపాడు వెళ్లిపోయారు.