బ్యూరెట్టమ్మ కంటపడ్డ బుడగ

నీటి సరఫరా ఆఫీసు ల్యాబులో ఆవిడను అందరూ బ్యూరెట్టమ్మ అనేవారు. బ్యూరెట్ అనే సన్నటి గాజు గొట్టంలోంచి మందు చుక్కలు చుక్కలుగా వదులుతూ, కింద ఫ్లాస్కులోని నీళ్లు ఎరుపు నుంచి నీలానికి తిరగ్గానే ఆపేయడం ఆవిడ పని. ఖర్చయిన మందును బట్టి నీళ్లలో సున్నం ఎంతుందో ఆవిడ చెప్పిందంటే ఇక తిరుగులేదు. ఊరంతా ఆ మాట మీదే గొంతు తడుపుకునేది.

అలాంటి మనిషి కూతురు అదే పని చేసే గోరంత గాజుబిళ్లను తయారుచేసింది. దాని నిండా వెంట్రుకంత కాలువలు, ఒక్క చుక్క నీళ్లు చాలు. కానీ కాలువలో గాలిబుడగ ఇరుక్కున్నప్పుడల్లా లెక్క తప్పేది. తల్లి ఊరుకుంటేనా! "ఏమే బుడగల పిల్లా, ఇవాళైనా పని జరిగిందా?" అని అన్నం వడ్డిస్తూ కూడా దెప్పేది. కూతురు పళ్లు నూరుకుని మళ్లీ మొదటికొచ్చేది.

చివరికి పరీక్ష రోజు రానే వచ్చింది. ఒకే సీసాలోని నీళ్లకు ఇటు బ్యూరెట్, అటు బిళ్ల. లెక్కలు కలిస్తే ప్రతి ట్యాంకు దగ్గరా బిళ్లలు పెడతారు. కలవకపోతే పిల్ల కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

కలవలేదు. తల్లి లెక్క ఎక్కువొచ్చింది.

"మీ అమ్మగారి చెయ్యి ఎప్పుడూ తప్పలేదమ్మా," అంటూ పెద్ద ఇంజనీరు బిళ్లను పక్కకు జరిపాడు. కూతురు తల దించుకుంది.

బ్యూరెట్టమ్మ మాత్రం గొట్టం కొసనే చూస్తోంది. నింపినప్పుడు అక్కడొక బుడగ ఉండిపోయింది. మందు వదులుతుంటే అది జారిపోవడం ఆవిడ కళ్లారా చూసింది. ఆ ఖాళీలోకి పోయిన మందు కూడా లెక్కలో పడింది. ఇంకెవరూ గమనించలేదు. నోరు మెదపకపోతే ఆవిడ పేరు చెక్కుచెదరదు.

"ఆగండి! తప్పు నాది. కొసలో బుడగ ఉండింది."

ఇంజనీరు నవ్వాడు. "కాకిపిల్ల కాకికి ముద్దంటారు లెండి."

"అయితే మీరే దగ్గరుండి చూడండి!" అని ఆవిడ కస్సుమంది. గొట్టం మళ్లీ నింపి, బుడగ లేదని ఆయన నోటే అనిపించి, మందు వదిలింది. నీళ్లు నీలమయ్యాయి. లెక్క బిళ్ల చెప్పిన దగ్గరికే వచ్చి ఆగింది.

"రిటైరయ్యే ముందు మీకు మచ్చ పడిందే," అని ఆయన నసిగాడు.

"పడితే పడనివ్వండి! నా తప్పు పట్టే పనిముట్టు ఇన్నాళ్లకు పుట్టింది. చేసిందెవరనుకున్నారు? నా కూతురు!" ఆవిడ ఛాతీ గర్వంతో పొంగిపోయింది.

వరండాలోకి రాగానే కూతురు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నువ్వూ..." అంది. ఆవిడ కొంగుతోనే కళ్లు తుడుచుకుంది.

"ఏడవకే పిచ్చిదానా. ఇవాళ్టి నుంచి ఇంట్లో బుడగల పిల్లను నేనే," అంది బ్యూరెట్టమ్మ.