ఫేను ఆపిన మధ్యాహ్నం

రాజాంలో నాకు కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. ప్రాసెసర్ వేగం పెంచమని, అంటే ఓవర్‌క్లాక్ చెయ్యమని కాలేజీ పిల్లలు వస్తుంటారు. వాళ్లకి ముందు చిన్న ఉపన్యాసం తప్పదు. ఉన్నదంతా వేరే డిస్కులోకి కాపీ తీసుకోండి. వేగం ఒక్కో మెట్టే పెంచాలి. పెంచిన ప్రతిసారీ గంటలకొద్దీ పరీక్ష పెట్టాలి. వేడి ఎంతుందో తెరమీద చూస్తూ ఉండాలి, హద్దు దాటితే వెనక్కి రావాలి. ఈ బజారులో నా అంత చాదస్తుడు లేడని పేరు. ఆ మాట విన్నప్పుడల్లా ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

మా నాన్న శ్రీముఖలింగం గుడిలో మేలుకొలుపులు పాడేవారు. ఇంట్లో సాధనకి కూర్చుంటే ఫేను ఆపాల్సిందే. ఆ చప్పుడులో శ్రుతి వినబడదనేవారు. ఎంత ఉక్కగా ఉన్నా, ఆయన శ్రుతిపెట్టె ముందుకు లాక్కోగానే మాలో ఎవరిదో ఒకరి చెయ్యి స్విచ్చి మీదికి పోయేది. ఎక్కువసార్లు అది అక్క చెయ్యే.

ఆయన పోయాక మిగిలింది ఒక్క రికార్డింగు. ఒక వానరోజు నేను ఫోనులో పట్టి, కంప్యూటర్లోకి ఎక్కించి, జాగా చాలక ఫోనులోది చెరిపేశాను. రేకుల మీద వాన హోరు పాటని సగం మింగేసింది. సంవత్సరీకం నాడు అందరికీ వినిపించాలి, ఆ వాన తీసెయ్యమంది అక్క. అందుకు సాఫ్ట్‌వేర్ ఉంది గాని, ఇంట్లో ఉన్న నా పాత డెస్క్‌టాప్‌కి అంత ఓపిక లేదు. అందుకే ఓవర్‌క్లాక్ చేశాను. మెట్టు మెట్టుగానే పెంచాను. కేబినెట్ పక్కరేకు విప్పి, లోపల వేడెక్కకుండా టేబుల్ ఫేను సరిగ్గా దాని మీదికి తిప్పాను. రెండు రోజుల పరీక్షకి చెక్కుచెదరలేదు. దాంతో నాకు గీర వచ్చింది. కాపీ తియ్యలేదు.

మర్నాడు మధ్యాహ్నం పని మొదలుపెట్టాను. వాన చప్పుడు తీసేస్తూ, ఆ ఫైలు మీదే తిరిగి రాస్తూ, స్పీకర్లో వినిపిస్తూ పోతోంది. ముందు శ్రుతిపెట్టె, తర్వాత నాన్న గొంతు సవరించుకోవడం. వాన లేదు. పక్కనే కూర్చున్నట్టు ఆయన అన్నారు:

"ఒరే, ఫేను ఆపీండ్రా."

గుమ్మంలో నిలబడి వింటున్న అక్క వచ్చి టేబుల్ ఫేను ఆపేసింది. నేను చూశాను. వద్దనాలని నాకు తట్టనే లేదు. నాన్న ఆపమన్నారు, అక్క ఆపింది, నాకు అంతా సవ్యంగానే అనిపించింది. ఆయన పాట అందుకున్నారు. కళ్లు మూసుకున్నాను. తెరమీద వేడి ఎక్కడికి పోతోందో చూడలేదు.

గొంతు మాట మధ్యలో తెగిపోయింది. కళ్లు తెరిస్తే తెర అంతా నీలం.

"ఏటైందిరా? నాన్న గొంతు ఆగిపోనాదేటి?"

"మిషను ఆగిపోయిందే. నే చూస్తాను."

చూశాను. తెలిసిన విద్యలన్నీ వాడాను. తిరిగి రాస్తూండగా వేడికి మిషను ఆగడంతో ఫైలు పాడై, మొదటి పదకొండు సెకన్లే బతికాయి, పాట అందుకోకముందువి. అక్కతో "కొంచెం దొరికింది" అన్నాను. ఎంతని ఆమె అడగలేదు, నాకు చెప్పే ధైర్యం లేకపోయింది. ఫేను సంగతి ఇప్పటికీ చెప్పలేదు. తప్పు నాది, కాపీ తియ్యనిది నేను. అయినా కొట్లో ఏ కేబినెట్ విప్పి ఫేను పెట్టినా ఆ గొంతు వినిపిస్తుంది, చెయ్యి దానంతట అదే స్విచ్చి వైపు పోతుంది. భయమేస్తుంది.

సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక చుట్టాలంతా స్పీకరు చుట్టూ చేరారు. నొక్కాను. శ్రుతిపెట్టె మోగింది. "ఒరే, ఫేను ఆపీండ్రా" అన్నారు నాన్న.

అక్క లేచి ఫేను ఆపి వచ్చింది. విసురుకుంటున్నవాళ్లు కూడా విసనకర్రలు కింద పెట్టేశారు. చెమటలు కారుతున్నా ఎవరూ కదలకుండా పాట కోసం కూర్చున్నారు.

"ఇంకా అందుకోలేదేటిరా?" అంది అక్క మెల్లిగా.