యాభై నిమిషాలక్క

ఆ చిన్న విమానాశ్రయంలో ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె యాభై నిమిషాలక్క. పదహారేళ్లుగా, వచ్చే విమానాల బల్ల ఆమెది. పెద్ద ఊళ్లో విమానం లేచిందని కబురు రాగానే దానికి యాభై నిమిషాలు కలిపి బోర్డు మీద రాస్తుంది. ఎప్పుడొస్తుందమ్మా అని అడిగినవాళ్లకు తలెత్తకుండానే చెబుతుంది: నాలుగు వందల ఇరవై కిలోమీటర్లు, యాభై నిమిషాలు. వెళ్లే విమానాలు పక్క బల్ల సంగతి. తనేమో ఒక్కసారీ విమానం ఎక్కలేదు. ఆ మెట్లెక్కాలంటేనే భయం.

నిన్న సాయంత్రం పెద్ద ఊరి ఆసుపత్రి నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. కడుపులో గడ్డకు చేయాల్సిన ఆపరేషన్ ఒకరోజు ముందుకు, మర్నాటి ఉదయానికే జరిపారు.

"తొమ్మిదిన్నరకి లోపలికి తీసుకెళ్తారట. నీ మొహం చూడందే నేను కదలనక్కా."

"పిచ్చిమొహమా, ఆలస్యమైతే నీ వంతు ఇంకొకళ్లకిస్తారు. మళ్లీ వచ్చే వారమే."

"అయితే త్వరగా రా."

రోడ్డు మీద పదకొండు గంటల దారి. చివరి బస్సు వెళ్లిపోయింది. ఇక మిగిలింది విమానమే. "పొద్దున ఎనిమిదింటికి విమానం లేస్తుంది, ఎనిమిదీ యాభైకి దిగుతా. అక్కణ్ణుంచి అరగంట. తొమ్మిదీ ఇరవైకల్లా నీ ముందుంటా," అని మాటిచ్చేసింది.

విమానం లేచిన దగ్గర్నుంచి ఆమె చేతిగడియారం మీంచి చూపు తిప్పలేదు. కిటికీలోంచి రెక్క వణుకుతూ కనబడుతోంది. పక్క సీట్లో విత్తనాల వ్యాపారి హాయిగా కునుకు తీస్తున్నాడు. నలభై అయిదు నిమిషాలైంది. యాభై అయింది. కింద మబ్బులే తప్ప నేల లేదు. యాభై రెండు. ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. చక్రాలు ఇరుక్కున్నాయేమో, దారి తప్పిందేమో, పైలట్లు చెప్పకుండా దాస్తున్నారేమో. ఇంతమందిలో టైము తెలిసింది తనకొక్కదానికే, అందుకే మిగతావాళ్లు అంత నిశ్చింతగా ఉన్నారు అనుకుంది.

ఆగలేక వ్యాపారి మోచేయి తట్టింది. "ఏమండీ, యాభై నిమిషాలు దాటిపోయింది. ఇంకా దిగట్లేదు."

"ఎందుకు దిగుతుందమ్మా? వెళ్లేటప్పుడు అరవై అయిదు పడుతుంది. ఈ దారిలో ఎప్పుడూ ఎదురుగాలే కదా. వచ్చేటప్పుడైతే అదే గాలి వెనకనుంచి నెడుతుంది, యాభైలో దిగిపోతుంది." అతను ఆవలించాడు. "మొదటిసారా?"

"ఎయిర్‌పోర్టులోనే పనిచేస్తానండి," అంది చిన్నగా.

అతను నవ్వాడు గానీ ఆమెకు వినబడలేదు. చావు భయం దిగిపోయి, అంతకన్నా పెద్ద భయం వచ్చి కూర్చుంది. తొమ్మిదీ అయిదుకి దిగితే ఆసుపత్రికి తొమ్మిదీ ముప్పై అయిదు. ఆ మొండిఘటం ఈలోపు మంచం చువ్వ పట్టుకుని, రానని భీష్మించుకుని ఉంటుంది.

చక్రాలు నేలను తాకి ఆగగానే ఫోన్ తెరిచింది. చెల్లెలికి చేసింది. మూడోసారికి కలిసింది.

"వచ్చేశావా అక్కా? నర్సమ్మ ఇక్కడే నిలబడింది. ఇంకెంతసేపు?"

పదహారేళ్ల అలవాటు నాలుక చివరిదాకా వచ్చింది. అరగంట. పళ్లు బిగించి ఆపేసింది.

"తెలీదే. నేను చెప్పిన లెక్క తప్పు. నాకోసం ఆగకు, లోపలికి వెళ్లు."



"నాకు భయమేస్తోందక్కా."

"నాకూ వేసింది. ఇంకా వేస్తోంది. అయినా విమానంలో కూర్చున్నాగా? నువ్వూ వెళ్లు. నువ్వు కళ్లు తెరిచేసరికి నేనుంటా."

ఫోన్ నర్సు చేతికి మారింది. "సరేనందమ్మా. తీసుకెళ్తున్నాం," అందావిడ.

విమానం తలుపు ఇంకా తెరుచుకోలేదు. ఆమె సీట్ల మధ్య నడవలో నిలబడి, ముందు సీటు వీపును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.