ఒత్తులకు చోటు అడిగిన చిన్నమ్మ

"మీ చిన్నమ్మ ఇగ లేదు బిడ్డా" అని మొన్న తెల్లారగానే చిన్నాయన ఫోన్ చేశాడు. సంతాప సభలో ఒకాయన మైకు పట్టుకుని, ఆమె శాంతమూర్తి అనీ, ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదనీ చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. మా చిన్నమ్మ శాంతమూర్తి ఏమిటి! పోయినవాళ్లందరికీ ఒకే చొక్కా తొడిగితే ఎలా? నాకు తెలిసిన చిన్నమ్మను మీకు చూపిస్తాను.

ఆమె లాల్‌గడి మలక్‌పేట్ దగ్గర ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో తెలుగు టీచరు. ఇప్పటికి ఇరవై ఏళ్ల కిందటి మాట. బళ్లన్నిటికీ వెబ్‌సైట్ల మోజు పట్టిన కాలం. వాళ్ల బడి సైటూ, ఇంటికి పంపే నోటీసులూ అన్నీ ఇంగ్లీషే. తల్లులు ఆ కాగితం పట్టుకుని వాచ్‌మన్‌ను అర్థం అడిగేవాళ్లు. తెలుగులోనూ ఒక పేజీ పెట్టమని చిన్నమ్మ కరస్పాండెంట్‌ను అడిగింది.

"తెలుగుల పెడితే మన స్కూల్ ఇజ్జత్ ఏముంటది టీచర్?" అన్నాడాయన.

"తల్లులు వాచ్‌మన్ తాన నిలవడితే ఉంటదా సార్ ఇజ్జత్?"

"గట్లయితే మీరే చేసుకోండ్రి."

ఆమె వల్ల కాదని ఆయన ధీమా. అప్పుడు నేను మేడ్చల్‌లో డిగ్రీ చదువుతున్నాను. ఆ ఆదివారమే నన్ను బస్టాండు పక్క ఇంటర్నెట్ సెంటరుకు లాక్కుపోయింది. "నీకు ఇంగ్లీషొస్తది, నాకు కోపమొస్తది. ఇద్దరం గలిస్తే అయితది" అంది.

పేజీకి రంగులు ఎలా వేయాలో, అక్షరం ఎంత ఉండాలో, వరుసల మధ్య ఎంత ఎడం ఉంచాలో ఎవరెవరో తమ తీరిక వేళల్లో రాసి, నెట్‌లో ఊరికే పెట్టిన పాఠాలు మాకు దొరికాయి. నేను చదివి తెలుగులో చెబితే, తను ఒంటి వేలితో కొట్టేది. ఎక్కడో ఒక గుర్తు తప్పిపోయి పేజీ అంతా చెదిరితే, "గింత దానికే గంత అలుగుడా!" అని కంప్యూటర్‌ను పిల్లల్ని కసిరినట్టు కసిరేది. లేచే ముందు పాఠం అడుగున ఉన్న, రాసినవాళ్ల పేర్లను తనకు తోచినట్టు పలికి, "సల్లగుండాలె మీరు" అనేది. పక్కవాళ్లు నవ్వినా లెక్కచేసేది కాదు.

పేజీ తయారైంది. కరస్పాండెంట్ ముందు తెరిచాం. పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద ఎక్కి కూర్చున్నాయి. ఒక్క మాట చదవడానికి లేదు.

"చూసిండ్రా టీచర్, కంప్యూటర్ గూడ తెలుగు వద్దంటాంది. కాయితం మీద రాసి ఫొటో తీసి పెట్టుండ్రి, అయిపాయె."

పాఠంలో ఉన్నది ఉన్నట్టే చేశాను. ఎక్కడ తప్పానో తెలియక బస్సులో ఏడుపొచ్చింది. ఫొటోయే పెడదామన్నాను.

"ఫొటో గోడకు పెడ్తరు. చదువుకు అక్షరం గావాలె. బొమ్మల ఉన్న పేరు ఎతికితే దొరుకుతదా?" అని అందరూ వినేలా తిట్టింది.

మళ్లీ ఆదివారం అదే పాఠం నాచేత మొదటినుంచీ చదివించింది. వరుసల ఎడం దగ్గర ఆపమంది. "రాసినోళ్లు మంచోళ్లే. కాని వాళ్ల అక్షరాలకు ఒత్తుల్లేవు. వాళ్ల జాగల మనమెందుకు ఇరుక్కోవాలె? పెంచు." పెంచాను. "ఇంకా పెంచు." ఒత్తులు వాటి చోట అవి కుదురుకున్నాయి. నేను గంతులు వేస్తుంటే, తను ఆ పాఠం రాసినవాళ్లకు ఉత్తరం రాయమంది. తెలుగుకు ఎక్కువ ఎడం కావాలి, ఆ సంగతి మీ పాఠంలో చెప్పండి అని. వాళ్లకు మనం చెప్పడమేమిటని నేను నసిగాను. "తప్పుంటే చెప్పుమని వాళ్లే రాసిండ్రు గద. భయమేంది?" కొన్నాళ్లకు పాఠంలో ఆ వాక్యం చేరింది. చూపిస్తే, "రాయాల్సిందే గద" అని ఊరుకుంది.

కరస్పాండెంట్ పేజీ పెట్టించాడు గానీ, కొత్త అడ్మిషన్లు మొదలయ్యేసరికి మళ్లీ ఇజ్జత్ మాట ఎత్తి తీసేద్దామన్నాడు. నన్నూ రమ్మని చిన్నమ్మ కబురు చేసింది. నేను వెళ్లేసరికి, కూరగాయల మడిలోంచి నేరుగా వచ్చిన ఒక తల్లిని ఆయన కుర్చీలోనే కూర్చోబెట్టింది. పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్న మనిషి. "ముట్టుకోవచ్చా?" అని అడిగి తెర మీద వేలు పెట్టి, తల్లిదండ్రుల మీటింగు అని కూడబలుక్కుని చదివింది.

"గీ మీటింగులు ఎప్పటిసంది అయితున్నయి?" అంది ఆమె.

చిన్నమ్మ కరస్పాండెంట్ వైపు తిరిగింది.

"ఇప్పుడు తీసేయుండ్రి సార్" అంది చిన్నమ్మ. "ఆమె చదువుతుండంగనే తీసేయుండ్రి."

ఆయన చెయ్యి మౌసు పక్కనే ఉండిపోయింది. ఆ తల్లి ఆయన వైపూ చూడలేదు, చిన్నమ్మ వైపూ చూడలేదు. మట్టి అంటిన వేలు ఆ వరుస ముగించి, తొందర లేకుండా కింది వరుసకు దిగింది.