రెండో నీళ్లు

మా నాయనకు షుగర్ ఉందని డాక్టర్ చెప్పంగానే ఆయన అడిగిన మొదటి మాట, "మరి టీ?" అన్నం తగ్గించమన్నా నోరెత్తలేదు గానీ, టీలో చక్కెర వద్దనేసరికి మొహం మాడ్చుకున్నాడు. చక్కెర లేని టీ ఒక్కరోజు తాగి, "ఇది కుడితి, బర్రెకు పొయ్యి" అని గ్లాసు పక్కన పెట్టేసినాడు. టీతో పాటు బస్సులు ఆగే కాడ ఉండే టీ దుకాణం బల్ల కూడా మానేసినాడు.

అదీ నా దిగులు. గొర్రెలు తోలే ముందు ఆ బల్ల మీద నలుగురితో పరాచికాలాడందే ఆయనకు తెల్లవారదు. అట్లాంటి మనిషి ఇప్పుడు మంచం మీద కూర్చొని గోడకేసి చూస్తాండాడు. "ఊరికే పోయి కూర్చోరాదా నాయనా" అంటే, "చేతిలో గ్లాసు లేకుండానా? విస్తరి లేకుండా పంక్తిలో కూర్చున్నట్టుంటాది" అన్నాడు.

నేను మార్కాపురంలో పలకరాయి ఎగుమతి చేసే ఆఫీసులో పనిచేస్తా. రాయి కొనడానికి తైవాన్ నుంచి వచ్చినాయన పోతాపోతా నా చేతిలో ఒక టీ ప్యాకెట్ పెట్టినాడు. ఎత్తు కొండల మీద, మబ్బుల్లో పెరిగే ఊలాంగ్ అంట. పాలు వద్దు, చక్కెర వద్దు అన్నాడు. ఇంకేం, ఆదివారం త్రిపురాంతకం బస్సెక్కి మా ఊళ్లో దిగినా.

ప్యాకెట్ విప్పి అరచేతిలో పోస్తే ముదురాకుపచ్చ ఉండలు. నాయన వంగి చూసినాడు. "ఏంది పాపా ఇది? మేకపెంటికలు పొట్లం కట్టి అమ్ముతాండారా?" అమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

నేనేమన్నా తక్కువదాన్నా? "కూర్చో, చెప్తా" అని నీళ్లు కాచినా. మా బోరు నీళ్లు ఉప్పు, అందుకని క్యాను నీళ్లే. స్టీలు గ్లాసులో ఉండలేసి, నీళ్లు పోసి, మూత పెట్టి, అమ్మతో మాటల్లో పడినా. వడగట్టి ఇచ్చేసరికి ఆలస్యమైంది. నాయన ఒక గుటకేసి "పసరు" అన్నాడు. అయిపాయె నా సంబరం!

గ్లాసులోకి తొంగి చూస్తే ఉండలు విచ్చుకొని, తొడిమతో సహా ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి. వాటి మీదనే మళ్లీ వేడినీళ్లు పోస్తాంటే నాయన లేచి నిలబడినాడు. "ఏందే నువ్వు చేసేది? తాగేసిన పొడికి మళ్లీ నీళ్లా? పగోడికి కూడా మన ఇంట్లో అట్ల ఇయ్యలేదు!"

మా పక్క అదో పెద్ద పట్టింపు. వాడిన పొడి మళ్లీ మరగబెట్టి ఇచ్చినారంటే ఇంకెప్పుడూ మా గడప తొక్కొద్దని చెప్పినట్టే. మా మేనమామ ఆ అనుమానం మీదనే వియ్యంకుల ఇంటికి పోవడం మానేసినాడు. అయినా నాకు కోపం నషాళానికంటింది. "ముందు తాగు, తర్వాత తిట్టు!" అన్నా.

తాగినాడు. ఈసారి నేను ఎక్కువసేపు ఉంచలేదు. నాలుకతో అంగిలి తడుముకున్నాడు. ఇంకో గుటకేసినాడు.

"చక్కెరేసినావా?"

"అమ్మతోడు, వెయ్యలా."

"మరి మింగినాక తీపొస్తాందేంది? ఉసిరికాయ తిని నీళ్లు తాగినట్టు!"

గ్లాసు ముక్కు కాడ పెట్టుకొని, "పూల వాసన కూడా కొడతాందే" అని అమ్మకు అందించినాడు. మూడో నీళ్లు ఆయనే పోసుకున్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చినాయి. పొట్లం ఆయన చేతిలోనే పెట్టి వచ్చేసినా.

మళ్లీ ఆదివారం బస్సు దిగంగానే చూస్తే, బల్ల మీద మా నాయన! పక్కన వేడినీళ్ల ఫ్లాస్కు, చుట్టూ గ్లాసులు పట్టుకొని ఆయన జట్టు. అందులో నాయన బావమరిది వరసాయన నన్ను చూసి, "చూడు కోడలా, మీ నాయన మాకు వాడిన ఆకు నీళ్లు పోస్తాండాడు, మేం ఇంక మీ ఇంటికి రావాల్నా వద్దా?" అని నిలదీసినాడు. అంటానే ఖాళీ గ్లాసు మళ్లీ చాపినాడు.

"నోరు మూసుకొని తాగురా" అని నాయన కసిరి, కొత్త గ్లాసు మీద మూత తీసి నాకందించినాడు.

"బస్సు మలుపు కాడ కనపడంగానే కొత్త ఆకేసినా. మొదటి నీళ్లు నేను తాగేసినాలే. ఇది రెండోది, నీకు."